శుద్ధాహారమునకై పాటుపడిన హార్వే వైలీ

అంగడిలో కొను పొట్లముపై అందలి పదార్థముల పేర్లు అచ్చువేయబడి యుండుట నేడు మనకు వింతగా తోచదు. ఇట్టి సత్యము అమెరికాదేశమున చట్టమగుటకు ముఖ్యముగా పాటుపడిన రసాయన శాస్త్రజ్ఞుడు హార్వే వాషింగ్టన్ వైలీ. ఆ మహనీయుని చరిత్ర మన విద్యార్థులు తెలిసికొనదగినది.

ఇతడు 1844వ సంవత్సరము అక్టోబరు 18వ తేదీని ఇండియానా రాష్ట్రమున కెంటు గ్రామసమీపమందలి దుంగల యింట జన్మించెను. తండ్రి సేద్యము చేయుచు, వాక్యము బోధించుచు, దాస్యమునుండి పారిపోవువారికి రహస్యముగా తోడ్పడుచుండెను. వైలీ 1867లో హానోవరు కళాశాలనుండి పట్టభద్రుడై, 1871లో వైద్యపట్టమును పొంది, 1874లో పర్డ్యూ విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర ఆచార్యుడయ్యెను.

1878లో జర్మనీకేగి ఆహారపదార్థములను శోధించు విధానములను నేర్చి వచ్చెను. పిమ్మట ఇండియానా ఆరోగ్యసంఘము కోరికపై అంగళ్లలోని చక్కెరలను, పాకములను పరీక్షించెను. మొక్కజొన్న గంజిపిండిని ఆమ్లముతో కాచినచో తియ్యని పాకముగా మారును, అదియే గ్లూకోజు. చౌకయగు దానిని కొందరు వర్తకులు మేలిపాకములలో కలిపి, మేలివానిగనే అమ్ముచుండిరి. ఆ పాకము విషము కాదు. ఒకదానిని మరియొకదాని పేర విక్రయించుటయే దోషము. ఈ వివేచనయే వైలీ జీవితకార్యమునకు పునాది.

1883లో ఆయన అమెరికా వ్యవసాయశాఖకు ప్రధాన రసాయనికుడుగా నియమింపబడెను. ఆ కాలమున పాలలో ఫార్మాల్డిహైడును, మాంసమున బోరాక్సును కలుపుట కలదు. వాని గుణదోషములు తెలియుటకు శాసనసభ 1902లో 5,000 డాలర్లు మంజూరు చేసెను. వైలీ తన కార్యాలయపు నేలమాళిగలో భోజనశాల నేర్పరచి, స్వేచ్ఛగా ముందుకు వచ్చిన 12 మంది యువకులకు తూచిన భోజనముతో ఆ మందులను ఒసగి, వారి బరువును, నాడిని వ్రాయించుచుండెను. పత్రికలవారు వారికి విషదళమని పేరిడిరి. కొందరికి తలనొప్పియు, కడుపునొప్పియు, అరుచియు కలిగెను. బబులోనులో దానియేలును చెలికాండ్రును రాజభోజనమును నిరాకరించి పరీక్షకు నిలిచిరి. ఈ యువకులో పరులకొరకై అట్టి భోజనమును అంగీకరించి నిలిచిరి.

స్త్రీ సమాజములును పత్రికలును తోడ్పడగా, 1906 జూన్ 30వ తేదీని అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టు శుద్ధాహార చట్టముపై సంతకము చేసెను. అయినను వైలీ నిర్ణయములన్నియు నిలువలేదు. సోడియం బెంజొయేటు హానికరమని ఆయన వాదించెను. కొద్ది మోతాదున హానిలేదని ఇతర పండితులు తేల్చిరి. నేటికిని అది పరిమితముగా వాడబడుచున్నది. బోరాక్సు, ఫార్మాల్డిహైడుల విషయమున మాత్రము ఆయన మాటయే నెగ్గినది. వివాదములచే విసిగి 1912లో ఉద్యోగము వీడి, ఒక పత్రికయొక్క పరీక్షాశాలలో తన పని సాగించెను. చట్టము పుట్టిన దినముననే, 1930 జూన్ 30న, పరమపదించెను.

నేడు గంజిపిండిని బహువిధముల మార్చి, చిక్కదనమునకై పచ్చళ్లవంటి సాసులలోను సూపులలోను కలుపుచున్నారు. ఐక్యరాజ్యసమితి సంస్థల నిపుణులు వానిని పరీక్షించి, పెక్కింటికి దినపరిమితిని అంకెలలో విధింప నవసరము లేదని తేల్చిరి. మన దేశమునను 2006వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టముక్రింద వాని ఉనికి పొట్లముపై తెలుపబడును. 1422 అను అంకె అట్టి గంజిపిండులలో నొకదాని గుర్తు.

విద్యార్థులారా, మీ తల్లిదండ్రులకు ఆ చిన్న అక్షరములను చదివి వినిపింపుడు. క్రొత్త పేరు కనబడినంతనే భయపడకుడు, పరీక్షింపక నమ్మకుడు. కలిపినదానిని దాచక చెప్పుట వర్తకుని ధర్మము. చదివి తెలిసికొనుట మన ధర్మము.