వాయింపనేరని వాద్యనిర్మాత

గిటారు వాయించువారిలో ఫెండర్ పేరు విననివారుండరు. ఆశ్చర్యమేమనగా, ఆ పేరుగల మనిషికి గిటారు వాయించుట రాదు, శ్రుతిచేయుటయు రాదు. చిన్ననాట కొంత పియానో, కొంత శాక్సఫోను నేర్చెను, అంతే. ఆయన మొదట లెక్కలు వ్రాయు గుమాస్తా, పిదప రేడియోలు బాగుచేయు పనివాడు. నేడు ఒక విద్యార్థి ఎలెక్ట్రిక్ బాస్ గిటారును విడిభాగములుగా తెప్పించుకొని ఇంటనే బిగించుకొనగలుగుచున్నాడన్నచో, ఆ పనివాని ఆలోచనయే దానికి మూలము.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ఆనహీము పట్టణపు పొరుగున జన్మించెను. తల్లిదండ్రులు నారింజతోట సాగుచేయువారు. ఎనిమిదవయేట కంతి లేచి ఎడమకన్ను పోయెను. నాటినుండి గాజుకంటితోనే కాలము గడపెను. పదునాలుగవయేట ఒక దగ్గరి బంధువు, మోటారుకార్ల విద్యుత్ పరికరముల దుకాణదారు, ఒక పెట్టెనిండ పాత రేడియో సామగ్రియు, ఒక బ్యాటరీయు పంపెను. అనంతరము ఆ దుకాణమునకు పోయి, బంధువు స్వయముగా కట్టిన రేడియో బిగ్గరగా పలుకుట వినినప్పుడు ఆ బాలుని మనస్సు అక్కడనే చిక్కుకొనెను. అయినను కళాశాలలో చదివినది గణకశాస్త్రము. విద్యుత్ పరికరముల విద్యను ఏ గురువునొద్దను అభ్యసింపలేదు.

ఆర్థికమాంద్యపు దినములలో గుమాస్తా ఉద్యోగము నిలువలేదు. 1938లో 600 డాలర్లు అప్పుచేసి, ఫుల్లర్టన్ పట్టణమున రేడియో మరమ్మతు దుకాణము తెరచెను. అచటికి పాటకచేరీలవారు తమ లౌడ్‌స్పీకర్లను, గిటార్లను తెచ్చి, ఇది పలుకదు, అది రొదచేయునని మొరపెట్టుకొనెడివారు. ఆ మొరలే ఆయనకు పాఠశాల. 1945లో డాక్ కాఫ్మన్ అను సహచరునితో వాద్యముల తయారీకి పూనుకొని, మరుసటియేట విడిపోయి సొంత సంస్థను స్థాపించెను. 1950లో బోలుమొండెము లేని, గట్టి చెక్కపలకతో చేసిన గిటారును అంగడికెక్కించెను.

బాస్ వాద్యము సంగతి వేరు. మంద్రస్వరమునకు అంతవరకు డబుల్ బాస్ ఒక్కటే గతి. అది నిలువెత్తు మనిషికన్న పొడవు. కారుపై కట్టి ఊరూర త్రిప్పవలెను. బాకాల నడుమ, డోళ్ల నడుమ దాని నాదము వినబడదు. పైగా వయొలిన్‌వలె దానికి మెట్లు లేవు. వ్రేలు వెండ్రుకవాసి తప్పినను అపస్వరమే. 1951లో ఫెండర్ రూపొందించిన బాస్ గిటారును మెడకు తగిలించుకొని నిలుచుండి వాయింపవచ్చును. మన వీణకువలె దానికిని మెట్లు అమర్చుటచే స్వరము తప్పదు. అందుకే దానికి ప్రెసిషన్ బాస్, అనగా ఖచ్చితమైన బాస్, అని పేరిడెను. న్యాయము చెప్పవలెనన్న, సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నతడు 1930ల దశకముననే అట్టి వాద్యమును చేసెను. కాని అది వ్యాపింపలేదు. లోకమున నిలిచినది ఫెండర్ చేసినదే.

ఎందుచేత నిలిచెను? బొబ్బిలి వీణను ఒకే పనసదుంగనుండి తొలుతురు. పాశ్చాత్య గిటారు శిల్పులును దండిని మొండెమునకు జిగురుతో శాశ్వతముగా అతికెడివారు. రేడియో పనివాడైన ఫెండర్ చూపు వేరు. చెడిన వాల్వును తీసి క్రొత్తది పెట్టినట్లు, వాద్యమున ఏ భాగము చెడినను దానినే మార్చవలెను. కనుక యాష్ కలపతో మొండెము, మేపుల్ కలపతో దండి వేరువేరుగా కోయించి, నాలుగు మరమేకులతో బిగించెను. దండి వంగిపోయినచో వాద్యమంతయు పారవేయనక్కరలేదు. సంప్రదాయజ్ఞులు ఇది వాద్యము గాదు, పడవతెడ్డని వెక్కిరించిరి. ఆయన ఆ వెక్కిరింతను పట్టించుకొనలేదు గాని, వాయించువారి ఫిర్యాదులను మాత్రము శ్రద్ధగా వినెను. 1957లో పికప్‌ను రెండు ముక్కలుగా విడదీసి, తీగచుట్లను ఎదురెదురుగా అమర్చి, విద్యుత్ రొదను అణచెను. 1960లో సన్నని దండి, రెండు పికప్‌లు గల జాజ్ బాస్ వెలువడెను.

ఆ నాలుగు మరమేకుల ఫలము ఆయన కర్మాగారమును దాటిపోయెను. 1970ల దశకమున విడిభాగములు చేయు సంస్థలు అమెరికాలో బయలుదేరెను. 1976లో కాలిఫోర్నియాలో మరమ్మతు దుకాణముగా మొదలైన షెక్టర్ అట్టిది. ఒకచోట మొండెము, ఒకచోట దండి, వేరొకచోట బిరడలు, పికప్ కొని ఎవరి బాస్ వారు కూర్చుకొనవచ్చును. అయితే కొలత తప్పిన అందము పనికిరాదు. దండి కొననున్న నట్‌నుండి గుర్రమువరకు 34 అంగుళములు. అందు సరిగా సగమున, 17 అంగుళములవద్ద, 12వ మెట్టు పడవలెను. తంత్రుల లాగుడుకు దండి వంగినచో లోపలి ఇనుపకమ్మిని త్రిప్పి సరిచేయుదురు. 12వ మెట్టుపై నొక్కిన స్వరమును విడితంత్రి స్వరముతో పోల్చి, గుర్రముపై ప్రతి తంత్రికిని గల ఆధారమును ముందునకో వెనుకకో జరుపుదురు. గుర్రమునుండి ఒక తీగను మీటల వెనుకకు కలిపి మాటువేయుట మరచితిరా, రొద తప్పదు. జాకో పాస్టోరియస్ అను మహావాదకుడు తన 1962 నాటి జాజ్ బాస్‌కు మెట్లే లేకుండచేసి, పడవలకు పూయు ఎపాక్సీని దండిపై పూసెను. ఖచ్చితత్వమునకై ఫెండర్ పెట్టిన మెట్లను ఆ విధముగా తొలగించినను వాద్యము చెడలేదు. అదియొక క్రొత్త గొంతుకతో పలికెను. ఇట్లు కూర్చుకొనువారిలో కొందరు చివరకు ఫెండర్ పేరుగల చీటీని నెత్తిన అంటించి అమ్మజూతురు. అది మోసము తప్ప మరొకటి కాదు.

ఆ పేరు చివరకు ఫెండర్‌కే దక్కలేదు. అనారోగ్యపీడితుడై 1965 జనవరిలో సంస్థను సి.బి.ఎస్. వారికి 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మెను. సంస్థతోపాటు పేరును పోయెను. ఆరోగ్యము కుదుటపడిన పిదప మరల బల్లయొద్ద చేరి, మ్యూజిక్ మ్యాన్ సంస్థకై 1976లో స్టింగ్‌రే అను బాస్‌ను రూపొందించెను. అటుపిమ్మట పాతమిత్రుడు జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ సంస్థను నెలకొల్పెను. అందు ఎల్ అన్నది లియో. ఇంటిపేరు వాడుకొనరాదు గనుక పొడి అక్షరముతో సరిపెట్టుకొనెను.

వార్ధక్యమున పార్కిన్సన్ వ్యాధి సోకి చేతులు వణకసాగెను. అయినను ప్రతిదినము కార్యశాలకు పోయి, పికప్‌లను, గుర్రములను సరిదిద్దుచునే యుండెను. 1991 మార్చి 21వ తేదీన, ఎనుబదియొకటవ యేట, ఫుల్లర్టన్‌లో మరణించెను. అప్పటికిని ఆయనకు గిటారు శ్రుతిచేయుట రాదు.