చీనా నుడికి చెవియొగ్గిన జావో యువాన్‌రెన్

1921వ సంవత్సరమున న్యూయార్కు నగరములో జావో యువాన్‌రెన్ అను చీనా యువకుడు గ్రామఫోను రికార్డుల కొఱకు, లోకమున ఏ తల్లియు తన బిడ్డకు నేర్పని యొక నుడిని పలికెను. అది నాటి చీనా జాతీయోచ్చారణ. 1913లో పీకింగున ప్రతినిధులు సభ తీర్చి, అక్షరమక్షరమునకు ఓట్లు వేసి నిర్ణయించినది. ఉత్తరాది పలుకుబడికి, పీకింగువాసుల నోట ఏనాడో నశించిన పాత స్వరమును గూడ జోడించిరి. జావో శ్రద్ధగనే పలికెను. ఓటు వేసి అక్షరమునకు ధ్వని నీయవచ్చును. కాని ఇరుగుపొరుగు ధ్వనులు ఒకదానితో నొకటి ఎట్లు మెలగవలెనో ఏ సభ శాసింపగలదు?

ఆ మెలకువ నెఱుగు చెవి ఆయనకు బాల్యముననే అబ్బినది. 1892 నవంబరు 3వ తేదీన తియన్‌జిన్‌లో జన్మించెను. ఉద్యోగియగు తాతగారి వెంట ఉత్తరాది యూళ్లలో పెరిగి, తొమ్మిదవయేట పూర్వికుల ఊరగు చాంగ్‌జౌ చేరెను. 1904లో తల్లిదండ్రు లిరువురును గతించిరి. తల దాచుకొన్న చోటనెల్ల ఆ బాలుడు అచ్చటి పలుకుబడిని పట్టుకొనెను. 1910లో అమెరికా కేగి గణితమును, పిదప తత్త్వశాస్త్రమును చదివి 1918లో హార్వర్డున డాక్టరు పట్టము నందెను. 1920లో బెర్ట్రండ్ రస్సెల్ చీనాకు రాగా దుబాసి జావోయే. దారిలో తోడివాని వద్ద హునాన్ మాండలికము నేర్చి, ఆ రాష్ట్రమున ఆ మాండలికముననే రస్సెల్ ఉపన్యాసమును వినిపించెను!

పీకింగు పలుకున స్వరములు నాలుగు: ఎత్తున నిలుచునది, ఎగయునది, లోతునకు దిగి లేచునది, జారిపడునది. స్వరము మారిన అర్థము మారును. అయినను ఈ స్వరములు పొరుగును బట్టి రూపు మార్చుకొనును. 'నీ హావ్' అను పలకరింపులో రెండు మాటలును విడిగా మూడవ స్వరమువే. కలిపినంతనే 'నీ' రెండవ స్వరమై ఎగయును. తక్కిన స్వరముల ముందు మూడవది దిగునే గాని లేవదు. 'కాదు' అను 'బు' నాలుగవ స్వరము ముందు రెండవదగును. తేలిక మాటలకు సొంత స్వరమే లేదు. ముందరి అక్షరమే వాని ఎత్తును నిర్ణయించును. హల్లులకును ఇది తప్పదు. రొట్టె యను నర్థముగల 'మియెన్‌బావ్'లోని నకారము తొందరగా పలికినపుడు బకారము పొరుగున మకారమగును. పాశ్చాత్యులు ఈ మార్పులకు మన 'సంధి' శబ్దమునే పేరు పెట్టుకొనిరి. తెలుగున సంధి అక్షరములకే. అచ్చట రాగమునకును గలదు.

1925లో చింగ్‌హ్వా విద్యాపీఠమున ఆచార్యుడై, 1927లో జావో జియాంగ్సు, జజియాంగ్ రాష్ట్రములలో 33 చోట్లకు పోయి జనుల పలుకును వ్రాసికొనెను. పాటలకు బాణీలు కట్టిన సంగీతజ్ఞుడగుటచే స్వరమును కొలుచు సాధనమును గూడ తానే కల్పించెను: 1930లో ప్రకటించిన నిలువుగీత, అయిదు మెట్లు. అందు పీకింగు మూడవ స్వరము 214. రెండింట మొదలై, ఒకటికి దిగి, నాలుగున కెక్కునన్నమాట. సంధిలో మార్పు నిక కంటితో చూపవచ్చును.

1932లో ప్రభుత్వము ఓట్ల ఉచ్చారణను విడిచి, పీకింగు జనుల సజీవమైన పలుకునే ప్రమాణముగా గైకొనెను. జావో పాత రికార్డులు మూలపడినవి. ఆయన విచారింపలేదు, కొత్త ఉచ్చారణకును తానే కంఠమిచ్చెను.

1938లో చీనాను వీడి, 1947 నుండి బర్కిలీలో బోధించెను. వాడుక చీనాకు ఆయన వ్రాసిన బృహద్వ్యాకరణము 1968లో వెలువడినది. 1982 ఫిబ్రవరిలో అమెరికాలోని కేంబ్రిడ్జిన కన్నుమూసెను. అంతర్జాతీయ ధ్వనిలిపిలో ఆయన నిలువుగీతకు స్థానము దక్కినది 1989లో.