స్ఫటికమునకు పలుకు నేర్పిన పియరీ క్యూరీ

సంతలో కుండ కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. ఖంగుమని మ్రోగినచో గొందురు; బొంగురు పలికినచో విడుతురు. కంటికి గానరాని బీటను చెవి పట్టుకొనును. ఇట్టి పరీక్షను లోహములయందు జరుపు విద్యకు బీజము నాటిన మహనీయుడు ఫ్రాన్సు దేశీయుడగు పియరీ క్యూరీ.

ఈయన 1859వ సంవత్సరము మే 15వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. బాల్యమున పాఠశాలకు బోక యింటియొద్దనే విద్య నేర్చెను. 1880లో అన్నయగు జాక్‌తో గూడి, కొన్ని స్ఫటికములను నొక్కినచో వానిపై విద్యుత్తు పుట్టునని కనుగొనెను. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము సాగి ముడుగుననియు మరుసటి యేడు ఆ సోదరులు నిరూపించిరి.

1895లో మేరీని వివాహమాడెను. స్ఫటికముతో నిర్మించిన కొలత సాధనము తోడ్పడగా, 1898లో ఆ దంపతులు పొలోనియమును, రేడియమును వెల్లడించిరి. 1903లో నోబెల్ బహుమానము వారికిని, బెక్వెరెల్ పండితునికిని గలిపి లభించెను. రేడియము తీయు విధానముపై వారు హక్కు పత్రము గోరలేదు. 1906 ఏప్రిల్ 19న క్యూరీ పారిస్ వీధిని దాటుచు గుఱ్ఱపుబండి క్రింద పడి 46 ఏండ్లకే అస్తమించెను.

ఆయన శిష్యుడు లాంజెవిన్ మొదటి ప్రపంచ యుద్ధకాలమున స్ఫటికమును కంపింపజేసి, చెవికందని ధ్వనిని నీటిలోనికి బంపి జలాంతర్గాముల జాడ తీయు మార్గమును సాధించెను. 1928లో రష్యా శాస్త్రజ్ఞుడు సొకొలోవ్ అట్టి ధ్వనితోనే లోహములోని లోపములు పట్టవచ్చునని సూచించెను.

నేడు లోహపు పొడిని పొరలుగా బఱచి, లేజరు కిరణముతో గరగించి యంత్రభాగములను అచ్చువేయుచున్నారు. పొడి చక్కగా గరగనిచోటను, వాయువు చిక్కినచోటను లోపల సూక్ష్మరంధ్రములు మిగులును. అట్టి భాగము విమానమున జేరినచో, కాలక్రమమున అచ్చటనే బీటవాఱి విరుగవచ్చును. ప్రాణములకు ముప్పు వాటిల్లును. కావున విద్యుత్తుతో గంపించు చిన్న బిళ్లను భాగముపై నానించి ధ్వనిని లోనికి బంపుదురు. ఉక్కులో అది సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోవును. రంధ్రము తగిలినచో, ఆవలి అంచునుండి రావలసిన ప్రతిధ్వనికంటె ముందే మఱియొక ప్రతిధ్వని వచ్చును. ఆ కాలమును బట్టి లోపమెంత లోతున గలదో తెలియును. పైభాగము గరుకైనచో ధ్వని చెదరును గనుక ముందుగా దానిని నునుపు చేయుటయు గలదు.

ఈ ఫలమును క్యూరీ కన్నులార చూడలేదు. స్ఫటికమును నొక్కినచో నేమగునను జిజ్ఞాసయే ఆయనను నడిపినది. ప్రయోజనము నేడు కానరాని విద్య యైనను, ఎన్నడో యెవరి ప్రాణమునో కాపాడగలదు. మన గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలు ఈ సంగతిని మనమున నుంచుకొని చదువుదురు గాక.