పైన నీటిని ఆపి, ఒడ్డును ఊరికిచ్చిన ఇంజనీరు

ఏటా సెప్టెంబరు 15న మన పాఠశాలల్లో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. మైసూరు తలపాగా చుట్టుకున్న సన్నపాటి పెద్దాయన బొమ్మను గోడకు తగిలిస్తాం. పిల్లలు ఆనకట్ట బొమ్మ గీస్తారు, కృష్ణరాజసాగరం పేరు చెప్తారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పాఠం అక్కడితో ముగిసిపోతుంది.

ఈ వారం ఆయన జీవితంలో తరగతి గదిలో అంతగా వినపడని ఒక భాగాన్ని చెప్పుకుందాం. అది హైదరాబాదులో మూసీ నది ఒడ్డున గడిచిన కొద్ది నెలల కథ. జవళగిరిలో ఉన్న మనకు మూసీతో ఏం పని అని అడగవచ్చు. వాగు ఒడ్డునో చెరువు కట్టనో బాగుచేయాలన్న మాట వచ్చినప్పుడల్లా మనకు ముందుగా తోచేది రాయి, సిమెంటు. ఒడ్డును బాగుచేయడమంటే దాన్ని గట్టిగా కప్పేయడమేనా? నూరేళ్లకు పైబడిన ఆ కథలో ఈ ప్రశ్నకు పనికొచ్చే జవాబు ఒకటి ఉంది.

విశ్వేశ్వరయ్య గారి పుట్టుకే మన పిల్లలకు దగ్గరి సంగతి. ఆయన పూర్వీకులది కంభం, గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. ఊరి పేరే ఇంటిపేరయింది. ఆ కుటుంబం మైసూరు సీమకు వలస వచ్చి, నంది కొండల పాదాన ఉన్న ముద్దేనహళ్లిలో స్థిరపడింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లిషు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బయట తమిళం, కన్నడం మాట్లాడుతూ పెరుగుతున్నట్టే ఆయనా పెరిగారు. ఇంకో సంగతి కూడా ఉంది. హోసూరు పక్కనుంచి పారే దక్షిణ పినాకిని పుట్టింది ఆ నంది కొండల ప్రాంతంలోనే. మన ఏరూ ఆయనా ఒకే కొండల నీడలో పుట్టారని పిల్లలకు చెప్పవచ్చు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. చిక్కబళ్లాపురంలో చదువు మొదలుపెట్టి, బెంగళూరు వచ్చి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివారు. 1881లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన సాయంతో పుణె వెళ్లి ఇంజనీరింగ్ ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా చేరారు.

ఆ కొలువులో ఆయన చేసిన రెండు పనులు మన కథకు అవసరం. మొదటిది సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరులో. అక్కడ నది నీరు బురదగా ఉండేది. ఊరికి మంచినీరు కావాలి, పెద్ద వడపోత తొట్లు కట్టేంత డబ్బు పురపాలక సంఘం దగ్గర లేదు. నది ఇసుకలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరి వచ్చే నీటిని ఊరికి అందించే ఏర్పాటు చేశారు. నది ఇసుకే వడపోత అయింది. రెండోది పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో. 1903లో అక్కడ నీటి మట్టం ఒక హద్దు దాటగానే వాటంతట అవే తెరుచుకుని, తగ్గగానే మూసుకునే గేట్లు పెట్టించారు. ఆనకట్ట గోడను పెంచకుండానే ఎక్కువ నీరు నిలిచింది. రెండు చోట్లా పద్ధతి ఒకటే. నీరు తనంతట తాను చేసే పనిని ముందు గమనించి, మిగిలిన దానికే కట్టడం కట్టారు.

1908లో ఆయన బొంబాయి కొలువు వదిలి ఐరోపా ప్రయాణంలో ఉన్నారు. ఆ సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. అంతకు ముందు కురిసిన కుంభవృష్టికి నది పరివాహకంలోని చెరువులు ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. ఆ పరివాహకంలో సుమారు 800 చెరువులుంటే, వాటిలో 200కు పైగా గండ్లు పడ్డాయి. గొలుసు చెరువుల సంగతి మన ప్రాంతంవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అలా కూడిన నీరు తెల్లవారేసరికి నగరం మీదికి వచ్చింది. వంతెనలు మునిగాయి, పేటలు కొట్టుకుపోయాయి. చనిపోయినవారు సుమారు 15 వేల మందని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఏటా ఆ రోజున అక్కడికి వెళ్లి మృతులను తలచుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. 1909లో ఆయన హైదరాబాదు చేరారు. రాగానే గోడలు కట్టే పని మొదలుపెట్టలేదు. వాన ఎక్కడ ఎంత కురిసిందో లెక్కలు తెప్పించారు. నీరు ఇళ్ల గోడల మీద వదిలిన గుర్తులను కొలిపించారు. తెగిన చెరువుల వివరాలు సేకరించారు. ఆ రోజు నగరం గుండా సెకనుకు 4 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు పోయిందని తేలింది. అంత నీటిని నగరం లోపల గోడల మధ్య పట్టి నడిపించాలంటే గోడలు ఎంత ఎత్తు ఉండాలి? అప్పుడు జనానికి నది కనపడేదెలా?

అదే ఏడాది ఇచ్చిన నివేదికలో ఆయన పనుల వరుసను మార్చారు. వరదను ఊళ్లో ఆపడం కాదు, ఊరికి పైనే ఆపాలి. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు నీటిని అక్కడ పట్టి, నగరం తట్టుకోగలిగినంతే మెల్లగా వదలాలి. మూసీ మీది ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొదటిది దాదాపు 3.9 టీఎంసీలు, రెండోది దాదాపు 3 టీఎంసీలు పట్టుకుంటాయి. వరద కోసం తలపెట్టిన జలాశయాలే తరాలపాటు నగరానికి మంచినీళ్లిచ్చాయి.

నీటిని పైన పట్టాక ఊళ్లో ఒడ్డు సంగతి వచ్చింది. ఒడ్డును ఎత్తు చేసి, దాని వెంట చెట్లతో నడకదారులు, తోటలు వేసి జనానికి ఇవ్వాలన్నది ఆయన సూచన. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఆ దారిలో పనులు చేపట్టింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, అసఫియా గ్రంథాలయం నది ఒడ్డుల మీదికి వచ్చాయి. న్యాయం, వైద్యం, చదువు, పుస్తకం నది పక్కన కూర్చున్నాయి. ఊరి మురుగు నదిలో కలవకుండా భూగర్భ కాల్వల్లో దిగువకు తీసుకుపోవాలన్నది కూడా ఆయన పథకమే. ఆ పని కోసం తర్వాతి కాలంలో మళ్లీ హైదరాబాదు వచ్చి సలహాలిచ్చారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. నగరం నడిబొడ్డున మూసీకి రాతిగోడలు కట్టారు. ఒడ్డును గట్టిపరచడమంటే అదీ గట్టిపరచడమే. వరద మళ్లీ వస్తుందన్న భయంతో ఉన్న ఊరికి అది తప్పలేదు. ఒడ్డున ఇరుగ్గా ఉన్న ఇళ్లను తొలగించినప్పుడు కదలాల్సి వచ్చినవాళ్లూ ఉన్నారు. విశ్వేశ్వరయ్య గారిని రాయి వద్దన్న మనిషిగా చూపడం నిజం కాదు. రాతిని వరుసలో చివర పెట్టిన మనిషి అనడం నిజం. ముందు పైన నీటికి చోటు, తర్వాత మురుగుకు వేరే దారి, ఆపైన జనానికి ఒడ్డు, అవసరమైన చోట మాత్రమే గోడ.

1909 చివర్లో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగరం పని మొదలైంది. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాన్‌గా ఉండి, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడేలా చూశారు. 1955లో భారతరత్న అందుకున్నారు. నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ఆయన కట్టించిన జలాశయం దాటి వచ్చే కావేరే మన అడవుల దక్షిణపు అంచున బిలిగుండ్లు మీదుగా హొగెనకల్ వైపు పోతుంది. మన జవళగిరి వాగుల నీరు చేరేదీ ఆ కావేరికే.

ఆ వరుస తప్పితే ఏమవుతుందో కూడా మూసీయే చూపించింది. నగరం పెరిగింది, మురుగు నదిలోకే వచ్చింది. గోడ ఉంది, తోట ఉంది, ముక్కు మూసుకోకుండా ఒడ్డున నిలబడలేని పరిస్థితి వచ్చింది. ఇమ్లీబన్ అంటే చింతల తోపు. నది పాయల మధ్య ఉన్న ఆ తోట స్థలంలో తర్వాత పెద్ద బస్‌స్టేషన్ వెలిసింది. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు నీరు ఆ ప్రాంగణంలోకి వచ్చి ప్రయాణికులు చిక్కుకున్నారు. తోట మునిగితే నీరు పోయాక మళ్లీ పచ్చబడుతుంది. బస్‌స్టేషన్ మునిగితే మనుషులకు ముప్పు. అందుకే ఒడ్డున ఏం పెడుతున్నామన్నది ముఖ్యం.

లోకంలో ఇతర ఊళ్లు కూడా ఈ పాఠం ఆలస్యంగానే నేర్చుకున్నాయి. జర్మనీలోని మ్యూనిక్ నగరం తన ఈజార్ నదిని ఒకప్పుడు నిటారు ఒడ్ల మధ్య బిగించింది. 2000 నుంచి 2011 వరకు 8 కిలోమీటర్ల మేర ఆ బిగింపును సడలించి, పారుదలకు వెడల్పు ఇచ్చి, గులకరాళ్ల తిన్నెలను మళ్లీ ఏర్పడనిచ్చింది. వరదకు చోటు పెరిగింది. పిల్లలు నీళ్ల దాకా దిగగలుగుతున్నారు.

దీని వెనక ఉన్న సంగతి మన పెద్దలకు కొత్త కాదు. ఏరు వంపు తిరిగే చోట బయటి ఒడ్డును నీరు కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక పేరుస్తుంది. పాతవాళ్లు ఆ ఇసుక వైపు రేవు చూసుకునేవారు. పశువులు దిగేదీ, బట్టలు ఉతికేదీ అక్కడే. నది పొడవునా గోడ కడితే నీటి వేగం పెరుగుతుంది. ఆ దెబ్బ గోడ ముగిసిన చోట, లేదా ఎదురు ఒడ్డు మీద పడుతుంది. ఒడ్డు గుండా నీరు ఇంకడం తగ్గి పక్క బావులూ తగ్గుతాయి. కోత పడే వంపులో రాయి పేర్చి, రేవు దగ్గర నాలుగు మెట్లు కట్టి, మిగతా ఒడ్డును వాలుగా వదిలి కానుగ, నేరేడు, ఏరుమద్ది, వెదురు పెంచితే చాలాచోట్ల సరిపోతుంది. వేళ్లు మట్టిని పట్టుకుంటాయి. ముసలివాళ్లకు మెట్లు, పశువులకు వాలు, పిల్లలకు నీడ దొరుకుతాయి.

అన్నిటికంటే ముందు నీరు ముట్టుకోదగ్గదిగా ఉండాలి. కెలవరపల్లి ఆనకట్ట దగ్గర దక్షిణ పినాకిని తెల్లటి నురగ కక్కుతూ రావడం మనలో చాలామంది చూశాం. ఆ నురగ పక్కన ఎంత చక్కని మెట్లు కట్టినా పిల్లల్ని దిగనివ్వగలమా? ఎగువను వదిలేసి ఒడ్డును అలంకరించడం ఇంటికి కప్పు వేయకుండా గోడకు సున్నం కొట్టడం లాంటిది.

ఉపాధ్యాయులకు ఒక సూచన. ఈసారి ఆనకట్ట బొమ్మతో పాటు, పిల్లలతో తమ ఊరి వాగు బొమ్మ కూడా గీయించండి. నీరు ఎక్కడి నుంచి వస్తుంది, మధ్యలో ఏ చెరువులు పట్టుకుంటున్నాయి, ఏం కలుస్తోంది, పాత రేవు ఎక్కడ, పెద్ద వానకు నీరు ఎందాకా వచ్చింది అన్నవి అందులో ఉండాలి. తల్లిదండ్రులు, తాతయ్యలు, అవ్వలు ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. వరద గుర్తు, గండి, మత్తడి, తూము, రేవు అనే మాటలు వాళ్ల నోటి నుంచే పిల్లలకు అందుతాయి. అది తెలుగు పాఠం కూడా అవుతుంది. మన అడవి పక్క వాగుల్లో ఏనుగులు తిరుగుతాయి కాబట్టి పెద్దవాళ్లు, అటవీ సిబ్బంది తోడు లేకుండా పిల్లల్ని అటు పంపవద్దు. ఏనుగుకూ ఆ రేవు కావాలి. ఒడ్డు నిటారు గోడ అయితే దానికీ దారి మూసుకుపోతుంది.

ఆ బొమ్మలు గోడకు అంటించి ఊరుకోకుండా, వాగు పనుల మాట వచ్చే గ్రామసభకు పట్టుకెళ్దాం. సిమెంటు గోడ ఎంత పొడవు అన్న లెక్కకు ముందు, పై చెరువు సంగతేమిటి, మురుగు ఎటు పోతోంది, జనం దిగే రేవు ఎక్కడ అని మనమే అడుగుదాం. 1909లో విశ్వేశ్వరయ్య గారు మూసీ ఒడ్డున మొదలుపెట్టిందీ అలాంటి ప్రశ్నలతోనే.