శ్రీ సుబ్బరామ దీక్షితులు

పినాకినీ తీరమున 13వ శతాబ్దియందు తిక్కన సోమయాజి రచించిన భారతము నేటికిని మనకు దక్కియుండుటకు కారణమేమి? లేఖకులు తాళపత్రములపై దానిని మరల మరల వ్రాసి కాపాడుటయే. గానమునకు అట్టి భాగ్యము చిరకాలము లేకపోయెను. పాటలోని మాటలు తాటియాకుపై నిలిచినను, దానిని పాడు తీరు గాయకుని కంఠముతోనే అంతరించుచుండెను. ఈ నష్టమును నివారింపబూని, తమ యింటి విద్యను తెలుగులో అచ్చువేయించి లోకమునకు సమర్పించిన మహనీయులు శ్రీ సుబ్బరామ దీక్షితులవారు.

వారు 1839లో తిరువారూరున జనించిరి. సంగీత త్రిమూర్తులలో నొకరగు ముత్తుస్వామి దీక్షితులవారు అంతకు పూర్వమే, 1835లో, ఎట్టయాపురమున పరమపదించియుండిరి. వారి తమ్ములగు బాలుస్వామి దీక్షితులు ఆ సంస్థానమున ఆస్థాన విద్వాంసులు. వయొలినును కర్ణాటక సంగీతమునకు అలవరచినవారిలో ప్రథములుగా పేర్కొనబడినవారు. వారు తమ దౌహిత్రుడగు ఈ బాలుని దత్తత చేసికొని విద్య గరపిరి. కావున సుబ్బరామ దీక్షితులు పెదతాతగారిని కన్నులార చూడకపోయినను, వారి కృతులను వారి సోదరుని నోటనుండియే నేర్చిరి. బాలుస్వామివారి యనంతరము ఆస్థానపదవి వీరికే లభించెను.

ఆ కాలమున విద్వాంసులు తమ విద్యను పుత్రులకును నమ్మిన శిష్యులకును మాత్రమే చెప్పుట ఆచారము. కాని గాదెలో దాచిన విత్తనము పురుగుల పాలగును. పొలమున చల్లినదే పంటయగును. ఈ సత్యమును గ్రహించినవారు చెన్నపురి సర్కారు ఉద్యోగియు, క్రైస్తవులును నగు ఏ. ఎం. చిన్నస్వామి మొదలియారుగారు. వారు 1890వ దశాబ్దమున మన కృతులను ఐరోపా స్వరలిపిలో ప్రకటించుటకై తమ ధనమును, కంటిచూపును గూడ ధారపోసిరి. 1899లో ఎట్టయాపురమున పట్టాభిషేకము జరిగినప్పుడు రాజావారిని దర్శించి, దీక్షితులవారి విద్యను గ్రంథస్థము చేయింపవలసినదిగా వేడిరి. రాజావారు అంగీకరించిరి. అప్పటికి దీక్షితులవారికి అరువదేండ్లు. గ్రంథము పూర్తిగా వెలువడకమునుపే మొదలియారుగారు కీర్తిశేషులైరి.

1904లో ఎట్టయాపురము విద్యావిలాసినీ ముద్రాక్షరశాలనుండి సంగీత సంప్రదాయ ప్రదర్శిని వెలువడెను. పుటలు సుమారు 1,700. డెబ్బదిరెండు మేళముల క్రమమున రాగలక్షణములు, వేంకటమఖి సంప్రదాయ గీతములు, ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు 229, వాగ్గేయకారుల చరిత్రములు అందు గలవు. స్వరములను మాత్రమే వ్రాసి విడువక, కంపితము, స్ఫురితము, జారు మొదలగు గమకములకు వేర్వేరు గుర్తులు ఏర్పరచుట దాని విశేషము. తమిళదేశమున పుట్టిన యీ గ్రంథము తెలుగున వెలసినది. దాని తమిళ ప్రతిని మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు 1961 నుండి సంపుటములుగా ప్రకటించిరి. దీక్షితులవారు 1906లో స్వర్గస్థులైరి.

అచ్చుకాగితమునకు గల శక్తికి దూరదేశమునుండి గూడ నిదర్శనము గలదు. ఆ 1899లోనే అమెరికాలో, పూర్వము బానిసయైయుండిన తండ్రికి జన్మించిన స్కాట్ జోప్లిన్, మేపుల్ లీఫ్ రాగ్ అను పియానో రచనను స్వరలిపిలో ప్రకటించెను. ఎడమచేయి తాళమును నిలుకడగా నడుప, కుడిచేయి దెబ్బ తప్పించి స్వరములను పలికించు ఆ వాద్యరీతికి రాగ్‌టైమ్ అని పేరు. అతడు 1917లో మరణించెను. 1974 వరకు సమాధిపై పేరైనను లేదు. అయినను అచ్చుప్రతులు నిలిచియుండుటచే, 1970 తరువాత ధ్వనిముద్రణముల మూలమున ఆ సంగీతము మరల లోకమంతట వినబడెను.

స్వరలిపి గురువు కాజాలదు. గురువు గతించినపుడు సాక్షి కాగలదు. నేడు ధ్వనిముద్రణములు ఇంటింట వినవచ్చును. వానిని వినుచు దీక్షితులవారి గ్రంథమును ఎదుట తెరచియుంచుకొన్నవారికి, గాయకుడు ఎచ్చట సంప్రదాయమును పాటించెనో, ఎచ్చట తన మనోధర్మమును జోడించెనో తేటపడును. ఆ యానందమునకు తెలుగక్షరములు వచ్చి, కొంత స్వరజ్ఞానమున్న చాలును. మన నెల్లూరు సీమయందు ఎవరి యటకపైనైన పెద్దలు వ్రాసియుంచిన స్వరపుస్తకము లున్నచో, వానిని చెదల పాలు చేయక తెలిసినవారికి చూపి నకలు తీయింపవలెను. దీక్షితులవారిని స్మరించుటకు ఇంతకు మించిన మార్గము లేదు.