కొండమీద ప్రార్థన – జూయెట్ దొరగారి జీవితము

ధ్యానమునకు: లూకా 18:1–8

ఒంగోలులోని ప్రార్థన కొండను గూర్చి మనలో అనేకులు వినియున్నాము. ఆ కొండమీద మోకరించిన లైమన్ జూయెట్ దొరగారిని ఈ మాసము జ్ఞాపకము చేసికొందము.

ఆయన 1813లో అమెరికా దేశమున జన్మించి, 1849లో నెల్లూరు చేరిరి. ఆ మిషను మొదలై అప్పటికి 13 ఏండ్లు గడచినను విశ్వాసులు బహు కొద్దిమందియే. అందుచేత 1853లో అమెరికాలోని పెద్దలు మిషనును మూసివేయుదుమా అని సభలో తర్కించిరి. మూయలేదు గాని, పని బలపడనూ లేదు.

అట్టి సమయమున దొరగారు నెల్లూరికి 70 మైళ్లకు పైగా ఉత్తరమున నున్న ఒంగోలుకు సువార్త చెప్పబోయిరి. 1854 జనవరి 1వ తేదిన తెల్లవారుజామున కొండ యెక్కిరి. వెంట దొరసానిగారును, ఈ దేశపు విశ్వాసులు ముగ్గురును మాత్రమే యుండిరి. క్రింది పల్లెలను చూచుచు, ఈ ప్రాంతమునకొక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి.

సేవకుడు మరునాడు రాలేదు. మరుసటి యేడును రాలేదు. 1862లో మిషనును మూయవలెనను మాట మరల లేచెను. ఆరోగ్యము చెడి స్వదేశములో నున్న దొరగారు, ఒంటరిగానైనను తిరిగి పోయెదనని పెద్దలకు తెలిపిరి. 1865లో ఆయన మరల నెల్లూరు చేరినప్పుడు యౌవనుడైన క్లౌ దొరగారు వెంట వచ్చిరి. మరుసటి యేట క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1న 8 మందితో అక్కడ సంఘమేర్పడెను. పిదప గొప్ప కరవు వచ్చెను. ఆ కరవు తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. కొండమీది ప్రార్థనకు అప్పటికి 24 ఏండ్లు.

విత్తినవారొకరు, కోసినవారు మరియొకరు. దొరగారు అందుకు చింతింపక తమ పని తాము చేసి, 1897లో ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, వానలు లేని యేడును, పొలము గట్టు తగాదాయు, అన్నదమ్ముల వైరమును మన యిండ్లకును వచ్చుచున్నవి. ఒకటి రెండు దినములు ప్రార్థించి, జవాబు కానరాదని మానివేయుచున్నాము. దొరగారు ప్రార్థించి చేతులు ముడుచుకొనలేదు. ఏ జనులకొరకు ప్రార్థించిరో ఆ జనులను విడువలేదు. ఉపమానములోని విధవరాలును న్యాయాధిపతి వాకిలి విడువలేదు. మీరు ఎవరితో మాటలాడుట మానితిరో, ఈ మాసము వారి పేరు కుటుంబ ప్రార్థనలో చెప్పుడి. పిమ్మట లేచి వారి గుమ్మమునకు వెళ్లుడి. జవాబు ఎప్పుడిచ్చునో ప్రభువే యెరుగును. మనము మాత్రము విసుగక యుందము.