పాఠంలో కనిపించని బాస్

మీ ఇంట్లో సీబీఎస్‌ఈ 12వ తరగతి చదివే పిల్లలుంటే వాళ్ల ఇంగ్లిష్ పాఠ్యపుస్తకం 'ఫ్లెమింగో' ఒకసారి అడిగి తీసుకోండి. అందులో 'పోయెట్స్ అండ్ పాన్‌కేక్స్' అనే పాఠం ఉంటుంది. మద్రాసు జెమినీ స్టూడియోలో తాను ఉద్యోగం చేసిన రోజుల గురించి అశోకమిత్రన్ అనే తమిళ రచయిత రాసుకున్న జ్ఞాపకాల్లోంచి తీసిన పాఠం అది. నటీనటుల ముఖాలకి దట్టంగా పట్టించే పాన్‌కేక్ మేకప్, నలభై దాటినా ఆఫీస్ బాయ్‌గానే మిగిలిపోయిన మనిషి, ఎవరో తెలియని ఇంగ్లిష్ కవి వచ్చి ప్రసంగిస్తే స్టూడియో అంతా బిక్కమొహం వేయడం... చదువుతుంటే నవ్వొస్తుంది. పరీక్షలో ప్రశ్నలు కూడా వీటి మీదే వస్తాయి. స్టూడియో యజమాని మాత్రం బాస్‌గా అక్కడక్కడా తొంగిచూసి వెళ్లిపోతారు. ఆయన ఎవరని పిల్లలు అడిగితే మనలో చాలామంది జెమినీ గణేశన్ పేరు చెప్పేస్తాం. నిజానికి గణేశన్ ఆ స్టూడియోలో ఒకప్పటి ఉద్యోగి. తర్వాత హీరో అయినా ఆ స్టూడియో పేరే ఇంటిపేరులా ఆయనకి అతుక్కుపోయింది. యజమాని ఎస్.ఎస్. వాసన్.

మరో విశేషం. ఆ పాఠం రాసిన అశోకమిత్రన్ పుట్టింది 1931లో, మన సికింద్రాబాద్‌లో. ఇరవై ఏళ్లు అక్కడే పెరిగారు. తండ్రి పోయాక, ఆయన స్నేహితుడైన వాసన్ ఈ కుర్రాణ్ని మద్రాసు వచ్చి తన స్టూడియోలో చేరమన్నారు. 1952లో చేరారు. రోజూ వార్తాపత్రికల్లోంచి పనికొచ్చేవి కత్తిరించి ఫైళ్లలో పెట్టడం ఆయన ఉద్యోగం. పొద్దస్తమానం కాగితాలు చింపుతూ కూర్చునే మనిషికి అసలు పనేముందని చుట్టుపక్కలవాళ్లు అనుకునేవారట. ఆ కుర్చీలోంచే ఆయన అందర్నీ గమనించారు. తర్వాత తమిళంలో పెద్ద రచయితల్లో ఒకరయ్యారు.

తండ్రి లేని ఇల్లు ఎలా ఉంటుందో వాసన్‌కి ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆయన అసలు పేరు శ్రీనివాసన్. గత శతాబ్దం మొదటి ఏళ్లలో, అప్పటి తంజావూరు జిల్లాలోని తిరుత్తురైపూండిలో పుట్టారు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి పోయాడు. ఆ రోజుల్లో భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి ఇంటి గడప దాటడమే కష్టం. అలాంటిది ఆ తల్లి కొడుకు చదువు కోసం ఊరు వదిలి మద్రాసు చేరింది. పచ్చయ్యప్ప కాలేజీలో చేరేదాకా చదివించగలిగింది. డిగ్రీ మాత్రం పూర్తి కాలేదు. ఇల్లు గడవాలి, కొడుకు సంపాదనలో పడ్డాడు.

ఏం సంపాదన? పత్రికలకి ప్రకటనలు సేకరించి పెట్టడం, కమిషన్ తీసుకోవడం. దానితోపాటు పత్రికల్లో ప్రకటన వేసి, ఉత్తరం రాసినవాళ్లకి పోస్టులో సరుకు పంపే వ్యాపారం. ఇవాళ మనం ఫోన్‌లో ఆర్డర్ పెట్టి గుమ్మం దగ్గర అందుకుంటున్నాం కదా, దానికి తాతలాంటిదనుకోండి. కొనేవాడు ఎక్కడో పల్లెటూళ్లో ఉంటాడు. వస్తువుని కళ్లతో చూడడు, చేత్తో పట్టుకోడు. నాలుగు ముక్కల ప్రకటన చదివి డబ్బు పంపాలి. ఏ మాట చెబితే పంపుతాడు, ఏ మాటకి పేజీ తిప్పేస్తాడు అన్నది వాసన్ అక్కడ నేర్చుకున్నారు. తర్వాత నలభై ఏళ్లు ఆయన చేసిన ప్రతి పనిలోనూ ఈ చదువు కనిపిస్తుంది. కాలేజీలో ఆగిపోయిన చదువు ఇక్కడ పూర్తయిందని నాకనిపిస్తుంది.

ఆయన ప్రకటనలు ఇచ్చే పత్రికల్లో 'ఆనంద వికటన్' ఒకటి. 1926లో బూదూర్ వైద్యనాథయ్యర్ మొదలుపెట్టిన హాస్యపత్రిక. రెండేళ్లు తిరక్కుండానే కుంటుపడింది. సంచిక రావడం లేదేమని కనుక్కోవడానికి వెళ్లిన వాసన్, పత్రికనే కొనేసి తిరిగొచ్చారు. అది 1928. ధర 200 రూపాయలు. తమిళంలో ఆ పేరు రాస్తే ఎనిమిది అక్షరాలు వస్తాయి, అక్షరానికి పాతిక చొప్పున లెక్కగట్టారని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. పాతిక నిండీ నిండని వయసు. పత్రిక నడిపిన అనుభవం సున్నా.

ఆ పత్రిక తమిళ ఇళ్లలో కాఫీతో సమానమైపోయింది. కల్కి కృష్ణమూర్తి లాంటి రచయితను తెచ్చుకుని ఆయన చేతిలో పెట్టడం ఒక కారణం. కల్కి చారిత్రక నవల 'పొన్నియిన్ సెల్వన్' సినిమాగా వచ్చి మన దగ్గరా ఆడింది కాబట్టి ఆ పేరు మీరు వినే ఉంటారు. 1940ల మొదట్లో కల్కి బయటికి వెళ్లి సొంత పత్రిక పెట్టుకున్నారు. ఇంకో కారణం, వాసన్ పెట్టిన పదపోటీలు. గళ్లు నింపి పంపితే బహుమతి. జనం ఎగబడ్డారు, పత్రిక అమ్మకాలు పెరిగాయి. దీన్ని జూదమన్నవాళ్లూ లేకపోలేదు. గుర్రప్పందాలంటే కూడా ఆయనకి మక్కువ, సొంత గుర్రాలు ఉండేవి. జెమినీ అన్న పేరు ఒక పందెపు గుర్రం నుంచే వచ్చిందని ప్రతీతి. పిల్లలకి చెప్పేటప్పుడు ఈ ముక్క దాచిపెట్టాలని మనకి అనిపిస్తుంది కానీ, దీన్ని తీసేస్తే వాసన్ అర్థం కారు. పందెం కాసే గుణం ఆ మనిషి రక్తంలోనే ఉంది.

సినిమాల్లోకి ఆయన కథతో వచ్చారు. తాగుడు వల్ల ఒక సంసారం ఎలా ఛిద్రమైందో చెప్పే 'సతీ లీలావతి'ని తన పత్రికలోనే ధారావాహికగా రాశారు. మూలం మిసెస్ హెన్రీ వుడ్ అనే ఇంగ్లిష్ రచయిత్రి నవల. 1936లో అది సినిమా అయింది. ఎల్లిస్ డంగన్ అనే అమెరికన్ దర్శకుడు తీశాడు. అందులో చిన్న పోలీసు వేషం వేసిన ఒక బక్కపల్చటి కుర్రాడికి అదే మొదటి సినిమా. పేరు ఎం.జి. రామచంద్రన్. తర్వాత తమిళనాడు ముఖ్యమంత్రి అయిన ఎంజీఆర్.

ఆపైన సినిమాల పంపిణీలోకి దిగారు. 1940 ప్రాంతంలో మౌంట్ రోడ్డు మీద దర్శకుడు కె. సుబ్రహ్మణ్యం నడిపిన స్టూడియో అగ్నిప్రమాదంలో కాలిపోయి వేలానికి వచ్చింది. వాసన్ 86 వేల పైచిలుకుకి పాడుకున్నారు. కాలిన చోటే జెమినీ స్టూడియో లేచింది. బూరలు ఊదుతున్న ఇద్దరు బుజ్జి కవలలు దాని గుర్తు. మన అమ్మమ్మలు, తాతయ్యలు ఆ బొమ్మ చూడగానే గుర్తుపట్టేవారు. ఎందుకంటే జెమినీ తొలినాళ్ల పెద్ద విజయాల్లో ఒకటి తెలుగు సినిమానే. 1942లో వచ్చిన 'బాలనాగమ్మ'. సి. పుల్లయ్య దర్శకుడు. బాలనాగమ్మగా కాంచనమాల, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు. ఊళ్లలో బుర్రకథగా విన్న కథని తెర మీద చూడటానికి జనం బళ్లు కట్టుకుని వెళ్లారు.

ఈ విజయానికి ఒక చేదు కొస ఉంది. అప్పట్లో తెలుగు తెర మీద కాంచనమాలను మించిన తార లేదు. ఈ సినిమా సమయంలో ఒప్పందం దగ్గర ఆమెకీ వాసన్‌కీ చెడింది. ఆ తర్వాత ఆమె నటజీవితం దాదాపు ఆగిపోయింది, ఆరోగ్యమూ దెబ్బతింది. తప్పెవరిదన్న దాని మీద పాత సినిమా పుస్తకాలు తలోరకంగా వాదిస్తాయి. ఒకటి మాత్రం నిజం. నెలజీతానికి మనుషుల్ని పెట్టుకుని, అన్నీ తన గోడల మధ్యే నడిపించే స్టూడియోలో యజమాని మాటకి ఎదురుండదు. అశోకమిత్రన్‌కి నీడనిచ్చిందీ ఆ పద్ధతే, కాంచనమాలకి ఊపిరాడనివ్వనిదీ ఆ పద్ధతే. మరోవైపు 1954లో ఇదే కథని 'బహుత్ దిన్ హుయే' పేరుతో హిందీలో తీస్తున్నప్పుడు, మద్రాసులో కథానాయిక మధుబాల జబ్బుపడితే వాసన్ దంపతులు సొంత మనిషిలా చూసుకున్నారు. రెండూ ఒకే మనిషి చేసినవే.

ఇక 'చంద్రలేఖ'. వాసన్ పేరు నిలబెట్టిన సినిమా, ఆయన్ని ముంచబోయిన సినిమా కూడా ఇదే.

కథ లేకుండా మొదలైంది. ఆయన రచయితలు చంద్రలేఖ అనే గడుసు ఆడపిల్ల కథ ఒకటి తెచ్చారు. కథ నచ్చలేదు, పేరు నచ్చింది. వెంటనే ఆ పేరుతో సినిమా తీస్తున్నట్టు ప్రకటన వేసేశారు. సరుకు తయారు కాకముందే ప్రకటన, పోస్టు వ్యాపారం నాటి అలవాటు! నెలలు గడిచినా కథ కుదరలేదు. ఇక వదిలేసి 'అవ్వయ్యార్' తీద్దామనుకుంటున్న సమయంలో రచయితల బృందంలోని వేప్పత్తూర్ కిట్టుకి ఒక ఇంగ్లిష్ నవలలో దారి దొరికింది. ఇద్దరు రాకుమారులు, సింహాసనం కోసం పోరు, మధ్యలో ఒక నాట్యకత్తె.

చిత్రీకరణ ఏళ్ల తరబడి సాగింది. మొదట దర్శకత్వం వహించిన టి.జి. రాఘవాచారి అభిప్రాయభేదాలతో తప్పుకున్నారు. అంతవరకు ఎప్పుడూ దర్శకత్వం చేయని వాసన్ తానే ఆ పనికి పూనుకున్నారు. సర్కస్ ఉంటే బాగుంటుందని తోచింది, నిజం సర్కస్ కంపెనీనే తీసుకొచ్చారు. హాస్యం తక్కువైందనిపించింది, ఎన్.ఎస్. కృష్ణన్, టి.ఎ. మధురం జంటను చేర్చారు. చివర్లో ఒక నాట్యం కోసం పెద్దపెద్ద నగారాలు కట్టించి దాదాపు 400 మంది నర్తకులతో నెలల తరబడి రిహార్సల్స్ చేయించారు. ఖర్చు 30 లక్షలకి చేరిందంటారు. 1940ల నాటి 30 లక్షలు! ఆస్తులు తాకట్టుకి వెళ్లాయి, నగలు అమ్ముడుపోయాయి. మధ్యలో దేశానికి స్వాతంత్ర్యం కూడా వచ్చేసింది, సినిమా మాత్రం పూర్తి కాలేదు.

1948 ఏప్రిల్‌లో తమిళంలో విడుదలైంది. జనం బాగానే చూశారు. కానీ పెట్టిన డబ్బుకి తమిళ మార్కెట్ ఒక్కటే చాలదు. మామూలు వ్యాపారి అయితే అక్కడితో చేతులెత్తేసేవాడు. వాసన్ కొన్ని సన్నివేశాలు మళ్లీ తీయించి, హిందీ వెర్షన్ తయారు చేయించారు. మద్రాసు సినిమాని ఉత్తరాదిలో ఎవరు చూస్తారన్న రోజులవి. తర్వాతి కాలంలో రాజశ్రీ సంస్థతో పేరు తెచ్చుకున్న తారాచంద్ బర్జాత్యా పంపిణీ బాధ్యత తీసుకున్నారు. దేశంలో అంతకుముందెన్నడూ చూడనంత ప్రచారం చేశారు. 1948 డిసెంబరులో హిందీ 'చంద్రలేఖ' వచ్చింది, ఉత్తరాది జనం విరగబడి చూశారు. పోయిందనుకున్న డబ్బు వెనక్కి వచ్చింది. ఆ తలుపు తెరిచాక మద్రాసు నుంచి హిందీ సినిమాలు వరసకట్టాయి. ఇవాళ హైదరాబాద్‌లో తీసిన సినిమా దేశమంతా ఒకే రోజు విడుదలైతే పాన్ ఇండియా అంటున్నాం. డెబ్బై ఐదేళ్ల కిందటే వాసన్ ఆ పని చేశారు, అదీ మన దేశంలో టీవీ కూడా లేని కాలంలో.

తర్వాత ఆయన చేయని సాహసం లేదు. భానుమతి నాయికగా 'అపూర్వ సహోదరులు' తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీశారు. వదిలేయకుండా దాచుకున్న 'అవ్వయ్యార్' 1953లో కె.బి. సుందరాంబాళ్‌తో వచ్చింది. దిలీప్ కుమార్, దేవ్ ఆనంద్ కలిసి నటించిన ఒకే ఒక్క సినిమా 'ఇన్సానియత్' కూడా ఈయనదే. అన్నీ గొప్ప సినిమాలని చెప్పను. కొన్నింట్లో హంగు ఎక్కువ, కథ తక్కువ. విమర్శకులు అదే అన్నారు కూడా. ఎండలో కష్టపడి అణా, బేడా పోగేసి టికెట్ కొనేవాడే తన ప్రేక్షకుడని వాసన్ నమ్మకం, ఆ విషయంలో ఆయన ఎప్పుడూ సంజాయిషీ చెప్పుకోలేదు.

1964లో రాజ్యసభ సభ్యుడయ్యారు. 1969లో పద్మభూషణ్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 26న కన్నుమూశారు. అప్పటికే అధికారం స్టూడియోల చేతిలోంచి తారల చేతికి జారిపోతోంది. ఆయన తర్వాత జెమినీ క్రమంగా మూతపడింది. ఆ స్థలంలో ఇప్పుడొక పెద్ద హోటల్ ఉంది. ఎదురుగా 1973లో కట్టిన వంతెన పేరు అన్నా ఫ్లైఓవర్. చెన్నైలో ఆటో ఎక్కి ఆ పేరు చెప్పినా డ్రైవర్ మాత్రం దాన్ని జెమినీ ఫ్లైఓవర్ అనే అంటాడు. 200 రూపాయలకి కొన్న పత్రిక మాత్రం వందేళ్లకు దగ్గరపడుతున్నా నడుస్తూనే ఉంది.

'చంద్రలేఖ'లోని ఆ నగారాల నాట్యం యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఈ ఆదివారం పిల్లలతో కూర్చుని చూడండి. కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవని ముందే చెప్పండి, ఆ నగారాల మీద నాట్యం చేస్తున్న వాళ్లంతా నిజం మనుషులే. ఆట ముగిశాక నగారాల్లోంచి ఏం బయటికి వస్తుందో మాత్రం చెప్పకండి, వాళ్లనే చూడనివ్వండి.